పాలపిట్టకు వకాల్తా

ఓడిపోవడమంటే ఏమిటో తెలియని రోజులవి. (పీయూసీ తప్పడాన్ని నేను ఓటమి కింద జమ కట్టలేదు, మా ఇంట్లోవాళ్లు కట్టారు.) అరవైల చివర్లో అలా చదువు ఆగిపోయి, బొబ్బిలి దగ్గర మా మేనమామ చోడిచేనుకు కాపలాదారుగా తేలాను. (రాగులంటే మీకు తెలుస్తుంది, మాకవి చోళ్లు.) చేను పక్కనే రైలుకట్ట, కట్ట వెంబడి తంతితీగలు, తీగమీద రోజూ ఒక పాలపిట్ట. ముడుచుకుని మొద్దులా కూర్చుంటుంది. ఉన్నట్టుండి నీలిరెక్కలు విప్పి చేలోకి దూకుతుంది. ముక్కున మిడతతో మళ్లీ తీగెక్కి, దాన్ని టపటపా బాది, ఎగరేసి మింగుతుంది. పనిలేనివాణ్ణి గనక అది తినే ప్రతి ముద్దా చూశాను: మిడతలు, పేడపురుగులు, ఒకసారి తొండపిల్ల. గింజ ముట్టగా మాత్రం చూడలేదు.

మావ అది దూకడం ఒక్కటే చూశాడు. వడిసెలలో రాయి పెట్టాడు.

"మావా, దసరానాడు దీనికోసమే గదా ఊరవతలికి ఎల్లి దండం ఎడతావు?"

"దసరానాడు దేవతే. ఇయేళ దొంగ. నా సోళ్లు తింటన్నాది."

"పాలపిట్ట గింజ తినదు మావా."

"పీయూసీ తప్పినోడివి, పిట్ట తిండి సంగతి నువ్వేటి సెప్తావురా?"

అంతే, వడిసెలకు ఛాతీ అడ్డం పెట్టాను. రాయి భుజానికి తగిలి నెత్తురు ఏరులై పారింది. (లేదు. మావ రాయి వదలనే లేదు. వెనక్కి నడుస్తూ గట్టుమీంచి పేడకుప్పలో వెల్లకిలా పడ్డాను. నెత్తురు కథ మనవల కోసం కల్పించింది.) ఆ కుప్పలోంచే పొలిమేర దద్దరిల్లేలా అరిచాను: "నాను సెప్పింది తప్పయితే ఆ రాయి నాకే ఎయ్యి."

అప్పుడే గంజి తెచ్చిన అత్త, ముంత దించి తీగ కిందికి నడిచింది. అక్కడ పిట్ట కక్కిన నల్లటి ఉండలున్నాయి. అరగనిదంతా ఉండచుట్టి కక్కేయడం దాని అలవాటు. అత్త ఒకటి అరచేతిలో నలిపింది. మిడతకాళ్లు, పురుగుల పెంకులు.

"ఇందల సోడిగింజ ఏదీ, సూపించు" అంది మావతో.

మావ ఆ అరచేతిమీదికి వంగాడు. "మిడత నా సోడి తిన్నాది, పిట్ట మిడతని తిన్నాది. మరి నా సోడి ఎవులు తిన్నట్టు?"

"అలగయితే మొన్న నువ్వు కోడికూర తిన్నావు. ఎన్ని పురుగులు తిన్నావో సెప్పు."

మావ వడిసెల మొలకు చుట్టుకున్నాడు. నేను గెలిచాను. గెలిచిన మొహంతో తీగవైపు చూస్తే పిట్ట లేదు. నా అరుపుకి బెదిరి ఎగిరిపోయింది. ఆ పంటకాలమంతా మళ్లీ రాలేదు. మిడతలు మాత్రం పండగ చేసుకున్నాయి. ఆ ఏడు మా ఇంట్లో అంబలి పలచన. ముంత ఎత్తినప్పుడల్లా మావ నావైపు చూసేవాడు. నేను తల దించేవాణ్ణి కాదు.

ఇప్పటికీ దించను. మావ లేడు, అత్తా లేదు. అయినా పాలపిట్ట గింజలు తింటుందని ఎవరినైనా అనమనండి, ఈ అరిగిన మోకాళ్లతోనే గట్టెక్కి వాదిస్తాను. కాకపోతే ఈసారి పిట్ట బెదరకుండా, కొంచెం మెల్లగా.