ఓడలరేవులో కాగిన బర్గండీ

ఒక పెద్దమనిషి ఆఖరి కష్టాన్ని నేను పంచదార పోసి కాచేసేనండి. లవంగాలు కూడా వేసేను. నవ్వకండి, ముందు వినండి. నవ్వాలో ఏడవాలో చివర్లో మీరే చెబుదురుగాని.

అప్పటికి నేను ఓడలరేవుకి కొత్తకోడల్ని. మా మేడమీద గదిలో జూలియన్ గారని ఫ్రాన్సు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు అద్దెకుండేవారు. తెలుగులో ఆయనకొచ్చింది "ఆయ్" ఒక్కటే. ఔనన్నా సరేనన్నా అదే, దాంతోనే ఊరంతా నెట్టుకొచ్చేసేవారు. ఆదివారం సాయంత్రం దేశం వెళ్ళిపోతారనగా, శనివారం కిందికొచ్చి నల్లటి సీసా ఒకటి బల్లమీద పెట్టేరు.

"మా నాన్న చేసిన ఆఖరి వైనండి. ఆ ఏడు ద్రాక్షకోత అయి, రసం పీపాల్లో పోయగానే పోయేరు. ఇంక ఇదొక్కటే మిగిలింది. రేపు భోజనంలో మీ అందరితో కలిసి తాగుదామని దాచేను," అన్నారు. ఇంగ్లీషులోనే లెండి, అత్తగారికి నేను చెప్పేను.

వాళ్ళది బర్గండీ అనే సీమట, అక్కడి వైన్నీ ఆ పేరుతోనే పిలుస్తారట. కొండవాలు మీద ద్రాక్షతోటలు, తోట చుట్టూ రాతిగోడ, ప్రతి తోటకీ ఓ పేరు. గోడకి ఇవతల ఓ రుచి, అవతల ఇంకో రుచి.

"మన దగ్గరా అంతే కదా, కాలవగట్టు దాటితే బొండాం నీళ్ళ రుచి మారిపోద్ది," అన్నారు అత్తగారు.

"ఆయ్," అన్నారు జూలియన్ గారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే ఏసు జ్ఞాపకంగా సంఘమంతా రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం తీసుకునే రోజు. ద్రాక్షరసం తీసి ఇవ్వడం మా ఇంటి వంతు. అత్తగారు ముందురోజే తీసి ఉంచేరు. తెల్లారి చర్చి ఊడవడానికి వెళ్తూ, "రసం పట్టుకొచ్చెయ్యమ్మా," అన్నారు. ఎక్కడుందో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు. వంటింటి కిటికీ దగ్గర గాజు జగ్గులో ఎర్రగా కనబడనే కనబడింది. మూతైనా లేదు. వాసన చూసేను. పులిసిపోయింది!

తాటిచెట్ల మధ్య పెరిగినదాన్ని కదండీ. పొద్దున్న తియ్యగా దిగిన కల్లు మధ్యాహ్నానికి ఏమవుద్దో నాకు తెలీదా? సంఘమంతా మొహాలు చిట్లిస్తే అత్తగారి పరువేం కాను? చెల్లని రూపాయికి గీతలెక్కువ, చేతకాని కోడలికి లవంగాలెక్కువ. గిన్నెలో పోసి, పంచదార గుమ్మరించి, యాలకులు, లవంగాలు దంచి వేసి, పొంగొచ్చేదాకా కాచేను. చాలదేమోనని చెంబుడు నీళ్ళు కూడా కలిపేను.

చర్చిలో పాస్టరు అయ్యగారు ఓ గుటక వేసి నావైపు వింతగా చూసేరు. ఏసుదాసు తాతగారైతే, "ఇంకేమైనా మిగిలిందా అమ్మాయ్?" అని గుసగుసలాడేరు. వెళ్ళిపోయేరోజు కదా అని జూలియన్ గారూ వచ్చేరు. చిన్న గిన్నెలోది నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. ఆపైన మోకాళ్ళమీదే ఉండిపోయి వెక్కివెక్కి ఏడ్చేరు. నా చేతి రసానికి ఎంత మహిమో అని మురిసిపోయేను, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చి అత్తగారు ఫ్రిజ్ తెరిచేరు.

"ఇదేంటమ్మా, నా రసం ఇక్కడే ఉంది! మరి చర్చికేం తెచ్చేవు?"

"కిటికీ దగ్గర జగ్గులోదండి, అత్తయ్యగారూ."

"ఓరి దేవుడో! అది ఆ అబ్బాయి తెల్లారగట్ల సీసాలోంచి ఒంపుకున్నదే! గాలి తగలాలని సైగలు చేసి మరీ చెప్పేడు!"

అప్పుడే జూలియన్ గారు భోజనానికి కిందికొచ్చేరు. ఆయన ముందు చేతులు జోడించేను. "క్షమించండి. పులిసిపోయిందనుకుని కాచేసేనండి. పంచదార కూడా..." అంటూనే ఏడ్చేసేను.

"నోట్లో పడగానే తెలిసిందండి. ఆ లవంగాల వెనకాల మా నాన్నే ఉన్నారు," అన్నారు. "పెళ్ళయిన రోజు తప్ప ఆయన చర్చి గుమ్మం తొక్కలేదు. రమ్మని బతిమాలి బతిమాలి మా అమ్మ కన్నుమూసింది. మీరు ఒక్క పూటలో ఆయన్ని చర్చికి తీసుకెళ్ళి ఊరందరికీ పంచేరు."

ఏడుస్తూనే నవ్వేరాయన. నేను తెలుగులో చెబితే అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆయ్," అన్నారు.

ఆరోజే ఒట్టు పెట్టుకున్నానండి. ఏ ఇంట్లో, ఏ జగ్గులో, ఎంత పులిసిన వాసనొచ్చినా సరే, అది ఎవరి నాన్నగారో కనుక్కోకుండా పొయ్యి వెలిగించను.