ఓబుళమ్మను గుర్తు పట్టని యంత్రం

2003. కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర, ఒక మందుల షాపు పైన, రెండు గదుల ఆఫీసు మాది. వేలిముద్ర చూసి హాజరు వేసుకునే యంత్రాలు అమ్మేవాళ్లం. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ కనిపించే ఆ పెట్టె అప్పట్లో బెంగళూరులో కూడా వింతే. కదిరిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి వచ్చిన నేను అక్కడ సర్వీస్ ఇంజనీరును. యంత్రాలను గోడకు బిగించడం, మనుషుల వేళ్లను వాటికి పరిచయం చేయడం, మొరాయిస్తే వెళ్లి దారికి తేవడం నా పని. వర్తూరు నుంచి కాడుగోడి దాకా నా స్కూటీ పడని గుంట లేదు.

ఆ యంత్రమంటే నాకు మహా మోజు. డెమోకు వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట చెప్పేదాన్ని: "కార్డు పోగొట్టుకుంటారు. సంతకం ఒకరిది ఇంకొకరు పెట్టేస్తారు. వేలు మాత్రం ఇంట్లో మర్చిపోయి రాలేరు కదా సార్!" అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ మాట చెప్పడం ఎందుకు మానేశానో చెప్పాలంటే ఓబుళమ్మ సంగతి చెప్పాలి.

కాడుగోడి వైపు కొత్తగా లేచిన ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ముందుగా చేసేది ఎన్‌రోల్‌మెంట్, అంటే వేలిని మూడుసార్లు గాజు మీద పెట్టించి యంత్రానికి నేర్పడం. యంత్రం వేలి బొమ్మను దాచుకోదు. గీతలు ఎక్కడ చీలుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అని గుర్తులు మాత్రం తీసి పెట్టుకుంటుంది. దాన్ని టెంప్లేట్ అంటాం. తర్వాత వేలు పెట్టినప్పుడల్లా దానితో పోల్చి చూసి, సరిపోతే పచ్చ లైటు, లేకుంటే ఎర్ర లైటు వేస్తుంది. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లల ఎన్‌రోల్‌మెంట్ రెండు రోజుల్లో హాయిగా అయిపోయింది. మూడో రోజు, అది శుక్రవారం, క్యాంటీన్ వాళ్లను వరసగా నిలబెట్టారు.

వరసలో ఆఖరున నలభై అయిదేళ్ల మనిషి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఓబుళమ్మ. తన వంతు రాగానే కదలకుండా చెప్పింది.

"నేను వేలు పెట్టను మేడం."

భయపడుతోందనుకున్నాను. అలాంటి వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక పాఠం ఉండేది. "ఏమీ కాదక్కా, షాక్ కొట్టదు. ఇదిగో, నేను పెట్టి చూపిస్తా" అని బుజ్జగించబోయాను.

"షాక్ కొడుతుందని ఎవరు చెప్పినారు నీకు? నేను ఈ బిల్డింగు మూడో అంతస్తుకు సిమెంటు మోసినదాన్ని. నీ డబ్బాకు భయపడతానా?" అంది.

వరసలో వాళ్లు కిసుక్కున నవ్వారు. నా మొహం మాడిపోయింది.

"మరి ఎందుకు పెట్టవు?"

"నాకు సంతకం వస్తుంది. మా నల్లచెరువు పక్క ఊర్లలో రాత్రిబడి పెట్టినప్పుడు ఆరు నెలలు కూసోని నేర్చుకున్నా. అప్పుడే అనుకున్నా, ఇంక చచ్చినా ఎవరి ముందరా బొటనవేలు చాపేది లేదని. పదేండ్లాయె. యాడా చాపలేదు."

"ఇది ఆ వేలిముద్ర కాదక్కా. దీనికి ఇంకు ఉండదు."

"ఇంకు లేకపోతే ముద్ర కాకుండా పోతాదా పాపా?"

మా ఊర్లో పంచాయితీ ఆఫీసు ముందు, వేలికంటిన ఇంకును గోడకు తుడుచుకుని తల వంచుకుని వెళ్లేవాళ్లను నేను చూశాను. చదువురాని వాళ్లను తిట్టడానికి 'వేలిముద్రగాడు' అన్న మాట చాలు. ఆ మాట వదిలించుకోవడానికి ఆమె ఆరు నెలలు పలక పట్టింది. నేను మాత్రం ప్రపంచంలోకెల్లా కొత్త యంత్రం తెచ్చానని గొప్పలు పోతూ, ఆమెను మళ్లీ ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లాను.

అడ్మిన్ ఆఫీసరు శేషాద్రి గారు మధ్యలో కలగజేసుకున్నారు. తాతల కాలంలోనే బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు. "చూడమ్మా, సోమవారం నుంచి రూల్ ఇట్లా ఉండాది. మెషీన్ ఒప్పుకోని వాళ్లను సెక్యూరిటీ లోపలికి వదలడు. నేనేమీ చేసేకి లేదు" అన్నారు.

ఓబుళమ్మ మొగుడు పరంజా మీద నుంచి పడి నడుము విరిగి ఇంట్లో ఉన్నాడని, ఇల్లు ఆమె ఒక్కదాని పని మీదే నడుస్తోందని పక్కనున్నామె నా చెవిలో చెప్పింది. ఓబుళమ్మ కొంగుతో చేయి తుడుచుకుని, వేలు గాజు మీద పెట్టింది.

ఎర్ర లైటు. మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. రెండు చేతుల పది వేళ్లూ పెట్టించాను. యంత్రం లోపలి ఇంగ్లీషు గొంతు ప్రతిసారీ మర్యాదగా, మళ్లీ ప్రయత్నించండి అంటూనే ఉంది. ఆమె చేయి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాను. ముందు సిమెంటు, తర్వాత సోడా పొడి, స్టీలు పీచు. గీతలు దాదాపు అరిగిపోయాయి.

"చూసినావా పాపా? నా మాట నేనే మింగి చేయి చాపినా, నీ డబ్బా ఒద్దనె" అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆఫీసుకు వెళ్లి చెబితే మా సీనియరు తల కూడా ఎత్తలేదు. "ప్రతి సైటులో ఒకరిద్దరు ఉంటారు. రిపోర్టులో 'యూజర్ అన్‌ఫిట్' అని రాసి కాల్ క్లోజ్ చేసెయ్." ఆ మనిషి యంత్రానికి పనికిరాదని దానర్థం, మా వృత్తిలో మామూలు మాటే. అంతకు ముందు నేనూ రెండు మూడు చోట్ల అదే రాశాను. వాళ్ల పేర్లు కూడా నాకు గుర్తులేవని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఈసారి రాయకూడదని పట్టు పట్టాను.

శనివారం ఆమెను గిన్నెల దగ్గర కాకుండా కూరగాయల దగ్గర కూర్చోబెట్టమని క్యాంటీన్ సూపర్‌వైజరును బతిమాలాను. ఆదివారం సెలవు. రెండు రోజులూ చేతులకు కొబ్బరినూనె రాసుకోమన్నాను. ఆదివారం మధ్యాహ్నం డెమో యంత్రాన్ని స్కూటీ ముందు పెట్టుకుని వర్తూరులో వాళ్ల రేకుల ఇంటికి వెళ్లాను. మొగుడు మంచం మీద నుంచే, "ఇంటికే వచ్చిందే మీ మెషీను! కాఫీ తాగుతుందేమో అడుగు" అన్నాడు. ఓబుళమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

వేళ్లు ఒక్కొక్కటే ప్రయత్నించాం. ఎడమ చేతి ఉంగరపు వేలు దగ్గర పచ్చ లైటు వెలిగింది! మూడుసార్లూ వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. ఆ ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లను నేనే అయిపోయాను.

సోమవారం పొద్దున ఆ టెంప్లేట్‌ను గేటు దగ్గరి యంత్రంలోకి ఎక్కించాక, ఆమె ఆ వేలు పెట్టింది. పచ్చ లైటు. లోపలికి వెళ్లింది. నేను గెలిచాననుకుని ఇంకో సైటుకు పోయాను. సాయంత్రం శేషాద్రి గారి ఫోను. "మేడం, ఆయమ్మ ఇంటికి పోయేకి మెషీను ఒప్పుకోదు. ఔట్ పడకపోతే దినమంతా ఆబ్సెంటే కదా?"

పరుగున వెళ్లాను. గేటు పక్కన ఓబుళమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. ఎనిమిది గంటలు సోడా నీళ్లలో నానిన వేలు తెల్లగా ముడతలు పడింది. రెండు రోజులు నూనె రాసి తెచ్చుకున్న గీతలు ఒక్క రోజు పనిలో పోయాయి. అప్పుడు నాకు బుర్రకెక్కింది. ఈమె పనికి వచ్చిందో లేదో చెప్పడానికి పెట్టిన యంత్రం, ఈమె పని చేయని రోజున మాత్రమే ఈమెను గుర్తు పడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదా అంటే నా మీదే.

మరునాడు శేషాద్రి గారి ముందు కూర్చున్నాను. మా యంత్రంలో నంబరు నొక్కి లోపలికి వెళ్లే దారి కూడా ఉంది. దాన్ని మేమే ఆపేసి పెట్టేవాళ్లం. నంబరైతే ఒకరిది ఇంకొకరు నొక్కుతారు, దాన్ని ప్రాక్సీ అంటాం. అది ఆపడానికే కదా జనం ఈ యంత్రం కొనేది.

"ఒక్కామె కోసం ఇంత గలాటా ఏల మేడం? కాంట్రాక్టరు వేరే ఆమెను పంపిస్తాడు" అన్నారాయన. చెడ్డవారు కాదు. ఆయనకూ పైవాళ్లు ఉన్నారు.

"సార్, యంత్రం అందరినీ గుర్తిస్తోందని, మీకు అప్పజెప్పే హ్యాండోవర్ కాగితం మీద రాసి ఇవ్వాల్సింది నేను. అబద్ధం రాయను. మీ క్యాంటీన్‌లో నిజంగా పని చేసే మనిషిని, పని చేసిందన్న కారణానికే ఇది గుర్తించలేదని రాస్తాను. మీ పైవాళ్లకు అట్లే పంపించండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా ఉద్యోగం కూడా చూడండి మేడం. ప్రాక్సీ అయితే ఎవరిని అడుగుతారు? నన్నే."

గంటసేపు గుంజుకున్నాం. చివరికి ఇలా కుదిరింది. ఆమె తన నంబరు నొక్కాలి. నొక్కగానే సెక్యూరిటీ ముందున్న కంప్యూటరులో ఆమె ఫొటో కనబడేలా నేను ఏర్పాటు చేయాలి. అతను మొహం పోల్చుకోవాలి. సాక్ష్యానికి పక్కనున్న పుస్తకంలో ఆమె సంతకం పెట్టాలి.

ఆ చివరిది చెప్పినప్పుడు ఓబుళమ్మ నమ్మలేదు. "సంతకమా? నిజంగానా పాపా?" అని రెండుసార్లు అడిగింది.

బుధవారం పొద్దున నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆమె నంబరు నొక్కింది. నాలుగు అంకెలు, ఆమె ఎంచుకున్నవే, ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. పచ్చ లైటు. తెర మీద ఫొటో వచ్చింది. సెక్యూరిటీ అతను తలూపాడు. ఆమె పెన్ను అందుకుని ఒక్కో అక్షరం దిద్దినట్టు రాయడం మొదలు పెట్టింది. వెనకాల మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వరస కట్టారు. సెక్యూరిటీ అతను "బేగ బేగ అమ్మా" అన్నాడు.

ఆమె తల ఎత్తకుండానే అంది: "ఉండప్పా. సగం పేరు రాసిపోతే అది నేనెట్ల అవుతాను?"

వరస మొత్తం ఆగింది. పేరు పూర్తయ్యాక పెన్ను మూత పెట్టి, బల్ల మీద ఉంచి, లోపలికి నడిచింది.

తర్వాత పదకొండేళ్లు అదే వృత్తిలో ఉన్నాను. యంత్రాలు మారాయి, చిన్నవయ్యాయి, తెలివి మీరాయి. నేను రిపోర్టులో 'యూజర్ అన్‌ఫిట్' అని మళ్లీ ఎప్పుడూ రాయలేదు. కొత్త సైటుకు వెళ్లినప్పుడు అడ్మిన్ వాళ్లు ముందు పెద్ద సార్ల వేళ్లు తీసుకోమని కుర్చీలు వేసేవాళ్లు. నేను పెట్టె సంచిలోంచి బయటికి తీయకుండానే అడిగేదాన్ని: "మీ దగ్గర గిన్నెలు తోమేవాళ్లు ఎక్కడుంటారు సార్? ముందు వాళ్ల దగ్గరికి పోదాం పదండి."