అవ్వ పాట, నా ఎడమచేతి గిటారు

మొన్న తెలంగాణ అవతరణ దినోత్సవం నాడు జనగామలో సభ పెట్టి, పెద్ద తెర కట్టి, దాని మీద మా అవ్వ పాట వేశారు. అవ్వ అంటే మా వైపు అమ్మే. తెర మీద ఆమె నిలబడి పాడుతోంది, పక్కన స్టూలు మీద కూర్చుని నేను గిటారు వాయిస్తున్నాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ముఖం అంత పెద్దగా కనిపించగానే నాకు ఏడుపు రావాలి. రాలేదు, ఎందుకంటే మైకు పట్టుకున్నది మా బావ, అంటే మా అక్క భర్త, ఉద్యమం రోజుల్లో ధూంధాం అనే ఆటపాటల సభలు నడిపినవాడు. "ఉద్యమంల మన ధూంధాం స్టేజి మీద మా అత్త పాడిన పాట గిది. గప్పుడే మనం గిటారును గూడ అక్కున చేర్చుకున్నం" అని గొంతు పెంచి చెబుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పాట ఏ స్టేజీ మీదా పాడింది కాదు. పాడనివ్వనిది ఆయనే.

ఇది చెప్పాలంటే ముందు నా సంగీతం సంగతి చెప్పాలి. హనుమకొండలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నప్పుడు మోజుపడి ఒక సంగీతం మాస్టారి దగ్గర చేరాను. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. ధోవతి మడత నలగదు, మాట జారదు. ఒకరోజు నేను ఆలస్యంగా వెళ్లి, "బస్సు దొరకలే సార్, నడుసుకుంట వచ్చిన" అన్నాను. ఆయన హార్మోనియం ఆపి, ముందు నీ మాట బాగుచేసుకో అమ్మాయ్, ఆ యాసతో పాడితే సరస్వతి చెవులు మూసుకుంటుంది అన్నాడు. క్లాసంతా నవ్వింది. సరస్వతి ఆయనతో ఎప్పుడు చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు. మా అవ్వ అదే యాసతో పొలంలో పాడుతుంటే పక్క చెల్కల కూలోళ్లు పని ఆపి వినేవాళ్లు. వాళ్ల చెవులకు ఏమీ కాలేదు. నేను మళ్లీ ఆ మెట్లెక్కలేదు, సంగీతం అన్న మాట కూడా ఎత్తలేదు.

ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో తొర్రూరులో పంతులమ్మగా ఉన్నాను. సమ్మెలో బళ్లు మూతపడ్డాయి. పొద్దున శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి వస్తే మధ్యాహ్నమంతా ఖాళీ. మా సందు చివర ఒక భాయ్ ఇంటర్నెట్ సెంటర్, జిరాక్స్ కలిపి నడిపేవాడు. బదిలీల సంగతేమైనా వచ్చిందేమో చూద్దామని పోతే, నేను కూర్చున్న కంప్యూటర్లో అంతకుముందు ఎవరో చూసి వదిలేసిన వీడియో ఆడుతోంది. ఏ దేశంవాడో, తెల్లగడ్డం ముసలాయన, వాళ్ల వంటింట్లో కూర్చుని గిటారు నేర్పుతున్నాడు. వెనక పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఒక్కో వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు, తప్పుపోతే తనే నవ్వుకుంటాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. నా తెలుగు ఆయనకు అసలు వినబడేదే కాదు. "గిట్లనా?" అని తెరతో మాట్లాడినా వెక్కిరించేవాడు లేడు. అటువంటి గురువు కోసమే ఇన్నేళ్లు ఆగానేమో అనిపించింది.

ఆ నెట్టు నత్త నడక. గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉండేది, అది ఆగేలోపు కరెంటు పోయేది. నేను రుసరుసలాడుతుంటే భాయ్, "జర సబర్ చేయుండ్రి టీచరమ్మా, పొద్దుగాల్ల కరెంటు ఉన్నప్పుడు దించి పెడ్త" అనేవాడు. అన్నట్టే పెట్టేవాడు. కాలేజీ పిల్లల మధ్య ముప్పై దాటిన పంతులమ్మ, చీర కొంగు దోపుకుని, ఒళ్లో గిటారుతో కూర్చుంటే ఊళ్లో ఏమనుకున్నారో అడగకండి. అనుకున్నవాళ్ల పిల్లలందరికీ నేనే ఎక్కాలు నేర్పాను కాబట్టి మొహం మీద ఎవరూ అనలేదు.

గిటారు వరంగల్ దుకాణంలో కొన్నాను. భాయ్ సెంటర్‌కు తెచ్చి, వీడియో ముందు కూర్చుని ఆయనలాగే పట్టుకుంటే, ఆయనకు లావు తీగ పైన ఉంది, నాకు సన్న తీగ పైన ఉంది. నన్ను మోసం చేశారని ఒళ్లు మండిపోయింది. జీపెక్కి దుకాణానికి పోయి, "తీగలు తలకిందులేసి అమ్ముతరా? పల్లెటూరోళ్లకు ఏం తెల్వదనుకున్నరా?" అని నిలదీశాను. కొట్టతను నా వంక, గిటారు వంక చూసి, ఏదో చెప్పబోయి, నా గొంతు విని మానుకున్నాడు. తీగలన్నీ విప్పి తిరగేసి కట్టిచ్చాడు. విజయగర్వంతో తిరిగొచ్చాను. ఆ తరువాత చాలా రోజులకు భాయ్ నా వెనక నిలబడి చూసి చూసి, "టీచరమ్మా, అద్దం ముంగట కూసున్నట్టు నేర్చుకున్నరు గదా! ఆయన కుడిచేత్తో వాయిస్తుండు, మీరేమో ఎడమచేత్తో" అని పడిపడి నవ్వాడు. అన్నం కుడిచేత్తో తింటాను, సుద్దముక్క కుడిచేత్తో పట్టుకుంటాను, గిటారు మాత్రం ఎడమచేత్తో వాయిస్తున్నాను. అప్పటికే వేళ్లు అలవాటుపడ్డాయి. ఇంకొకరు దిద్దితే దిద్దుకునే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. అలాగే ఉండనిచ్చాను.

ఆ రోజుల్లో అవ్వ లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి నా దగ్గర ఉంది. నేను నేర్చుకున్న మూడు కార్డ్స్‌నే మార్చి మార్చి మీటుతుంటే, బియ్యం ఏరుతూ ఒకనాడు అందుకుంది. నాట్ల పాట. వానను, నా సాలు అయ్యేదాక ఆగవే చెల్లె అని బతిమాలే పాట; సాలంటే నాటే వరుస. నారు గుచ్చి ఒక అడుగు వెనక్కి వేసేంత నిదానంగా సాగుతుంది. ఏ మాస్టారూ నేర్పని లయ నా తప్పుడు చేతికి అందింది. పాట అయ్యాక అవ్వ, "బిడ్డా, ఈ పాట ఎన్నడు పాడినా బురదల వంగే పాడిన. ఒక్కపాలి నలుగుర్ల నిలబడి పాడాలని ఉన్నది" అంది. ఆమె నన్ను ఏదైనా కావాలని అడగడం నాకు గుర్తున్నంతవరకు అదొక్కసారే.

బావ జనగామ ధూంధాంలో పెద్ద. స్టేజీ ఎవరెక్కాలో ఆయనే చెప్పాలి. బస్సులు లేవు, జీపులో ఇరుక్కుని, గిటారును ఒళ్లో పిల్లలా పట్టుకుని అవ్వను తీసుకుపోయాను. బావ గిటారు చూడగానే మొహం మాడ్చాడు. "ఏందే మరదలా గిది? ఇది సిన్మోళ్లది. మన స్టేజి మీద డప్పు, డోలకే. అత్త పాడుతది, డోలక్ మనోళ్లు కొడ్తరు" అన్నాడు. డోలక్ దరువు మీద ఆ పాట పరుగెత్తుతుంది, నాటు పడదు బావా అని చెప్పాను. వాయించి చూపించాను. ఆయన పాట వినలేదు, నా చేయి చూశాడు. "పైంగ ఎడమచేత్తోనా? మంచి పనికి?" అన్నాడు. మా మాటను వెక్కిరించారని, మా బతుకును తక్కువ చేశారని రోడ్డెక్కిన జనం మేము. ఆ జనానికి స్టేజీ కట్టినవాడు, ఏది మనదో ఏది కాదో తేల్చే పెత్తనం తన దగ్గర పెట్టుకున్నాడు. హనుమకొండ మాస్టారు కనీసం పరాయివాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

మా వైపు అత్తలు అల్లుడి ముందు కూర్చోరు, ఎదురుబడి మాట్లాడరు. అవ్వ ఆయనతో నేరుగా ఒక్క మాట అన్నది నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా కొంగు నెత్తిన కప్పుకుని, పక్కకు తిరిగి, ఆయనకు వినబడేట్టు నాతో అంది: "బిడ్డా, మీ బావకు చెప్పు. గా గిటారు లేకుంటె నేను పాడ. నా బిడ్డ ఏ చేత్తోటి వాయించినా నాకు గదే మంచి చెయ్యి." అని స్టేజీ మెట్ల దగ్గర నుంచి వెనక్కి నడిచింది.

తొర్రూరులో దిగి సంగతంతా చెబితే భాయ్ నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. సెంటర్లో కుర్చీలన్నీ గోడవారకు జరిపి, కంప్యూటర్ కెమెరాను ఎత్తుగా పెట్టాలని బీరువా మీదికెక్కించి, "నిలవడుండ్రి అమ్మా, కరెంటు ఉన్నది" అన్నాడు. అవ్వ నిలబడింది. నెట్టు చూసుకోవడానికి వచ్చిన పిల్లలు, జిరాక్సులకు వచ్చిన ఆడవాళ్లు, వాళ్లే ఆ నలుగురు. అవ్వ కళ్లు మూసుకుని పాడింది. భాయ్ దాన్ని నెట్టులో పెట్టాడు. ఆ కెమెరా అద్దంలా తిప్పి తీసేది. అందుకే వీడియోలో నేను కుడిచేత్తో వాయిస్తున్నట్టు కనిపిస్తాను, వెనక గోడ మీద జిరాక్స్ అన్న అక్షరాలు తిరగబడి ఉంటాయి.

మొన్నటి తెర మీద ఆ గోడ కనిపించకుండా చుట్టూ పూల అంచు అతికించారు. చప్పట్లు ఇంకా ఆగలేదు. నేను లేచాను. పక్కన కూర్చున్న అక్క కొంగు పట్టి లాగింది. నేను బావ వైపు చూడలేదు. అక్క వైపే తిరిగి, మైకు దాకా వినబడేట్టు, "అక్కా, నీ మొగనికి చెప్పు. అవ్వ ఏ స్టేజి మీద పాడలే. గిటారు వద్దంటే మెట్ల కాన్నుంచే ఎనుకకు పోయింది. ఇది తొర్రూరుల భాయ్ సెంటర్" అన్నాను. ముందు వరుసల్లో చప్పట్లు ఆగిపోయాయి. బావ కాగితం చూసుకుని, తరువాతి పాట పేరు చదివాడు. అక్క అప్పటికి కొంగు వదిలేసింది. నేను ఇంటికొచ్చి గిటారు తీసి అవ్వ పాట వాయించుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వీడియోలో నన్ను కుడిచేతివాటం మనిషిగా చూసేవాళ్లే పెరుగుతారు. నేను మాత్రం ఇప్పటికీ ఎడమచేత్తోనే వాయిస్తున్నాను.