మా అన్న పిట్ట, నా చెదలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే ముందు చెదలకు నీళ్లు పోసేవాళ్లం. పోసేవాళ్లం అంటున్నాను గానీ పోసింది నేనొక్కదాన్నే. ఇల్లు కట్టేటప్పుడే చెదలు పట్టకుండా మందు కొట్టించుకుంటున్న ఈ రోజుల్లో ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మదు. చెదపురుగుల్ని ఎవరన్నా పెంచుకుంటారా అవ్వా అని నవ్వుతుంది. పెంచాను మరి. మా అన్న పిట్ట కోసం పెంచాను. ఆ పిట్ట పేరున మా అన్నను చూసి ఎంత కుళ్లుకున్నానో, ఆ కుళ్లులో ఏం చేశానో కూడా చెబుతాను. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను!

మాది కమలాపురం దగ్గర పల్లె. మా నాయన, మా అమ్మ కూలికి పోయేవాళ్లు. మా పక్కింట్లో ఎద్దులకు లాడాలు కొట్టే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయనను లాడాల తాత అనేది. ఆయనకు కౌజు పిట్టలంటే ప్రాణం. వెదురు బుట్టల్లో నాలుగైదు పెంచేవాడు. పొద్దు పొడవక ముందే అవి గొంతెత్తి కూస్తే వీధిలో ఇంకెవరికీ నిద్ర ఉండేది కాదు. లాడం కొట్టేటప్పుడు ఎద్దు కాళ్లకు కట్టిన తాడు పట్టుకోవడానికి మా అన్నను పిలిచేవాడు. ఆ సాయానికి సంతోషపడి ఒకనాడు మా అన్న చేతిలో ఒక పిట్టపిల్లను పెట్టాడు. అప్పుడు అన్నకు పదమూడేళ్లు, నాకు పదేళ్లు.

కౌజు పిల్ల గింజలతో బతకదు. దానికి పురుగు కావాలి, అదీ బతికున్న పురుగు కావాలి. రోజూ పొలం గట్ల వెంట పురుగుల కోసం ఎవరు తిరుగుతారు? అందుకని తాత మాకు చెదల కుండ పెట్టడం నేర్పాడు. మూతి పగిలిన పాత కుండలో ఎండు పేడ, శనక్కాయ పొట్టు, జొన్నదంటు ముక్కలు కూరాలి. మీద చెంబెడు నీళ్లు చల్లి, చెదలు తిరిగే చోట బోర్లించాలి. తడి ఉన్న చోటికి చెదలు వాటంతట అవే ఎక్కుతాయి. తెల్లవారి కుండ ఎత్తి చేటలోకి దులిపితే పిట్టకు పూట గడుస్తుంది. ఒక్కటే ఖచ్చితమైన మాట చెప్పాడు తాత. పోసేది మంచినీళ్లే పోయాలి. గంజి, తీపి లాంటివి తగిలాయంటే చీమలు వస్తాయి, చీమలు వస్తే చెదలు మిగలవు.

నేర్పింది ఇద్దరికీ, చేసింది నేను. మా అన్నకు పేడలో చెయ్యి పెట్టాలంటే రోత. మొదటి రెండు రోజులు చేసి, మూడో రోజు నుంచి నా మీద వదిలేశాడు. ఎండాకాలంలో బావి దగ్గర వంతు నిలబడి తెచ్చుకున్న నీళ్లలోంచి ఒక చెంబు ఎత్తుకుపోతుంటే మా అమ్మ చూసి, "మనుషులకే నీళ్లు లేవంటే చెదలకు పోస్తాండావా మే!" అని తరుముకునేది. అయినా పోసేదాన్ని. తెల్లవారుజామున లేచి కుండ ఎత్తి, చేటలో దులిపి, ఒకటీ అరా చీమ ఉంటే ఏరి పారేసి, మిగిలిన చెదల్ని పొడుం డబ్బాలోకి ఎత్తి అన్నకు ఇచ్చేదాన్ని. నా గోళ్ల సందుల్లో మట్టి ఎప్పుడూ పోయేది కాదు.

ఆ డబ్బా జేబులో వేసుకుని మా అన్న వీధిలోకి పోయేవాడు. నాలుకతో టక్కు టక్కుమని చప్పుడు చేస్తే చాలు, పిట్ట తాడూ గీడూ లేకుండా వాడి మడమల వెనకే పరుగెత్తేది. టీ అంగడి దాకా పోయేది, వెనక్కు వచ్చేది. నడిచేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది నా కళ్ల ముందే జరిగేది. నేను పిలిస్తే మాత్రం ఆ పిట్ట తల కూడా తిప్పేది కాదు. దానికి తెలిసింది మేత ఇచ్చే చెయ్యి. మేత తెచ్చే చెయ్యి దానికెందుకు తెలుస్తుంది! నాకు కడుపు రగిలిపోయేది. వాడు భోజనానికి కూర్చుంటే వాడి కంచంలో ముద్ద పెద్దదిగా కనపడేది. వాడి నవ్వు కూడా నాకు పడేది కాదు.

ఒక ఆదివారం వాడు పిట్టను గుడి దగ్గరికి, అంటే మా చర్చి దగ్గరికి, తెచ్చాడు. ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద పాస్టరు అయ్యగారు నిలబడి దాని నడక చూసి ముచ్చటపడ్డారు. ఎంత బాగా పెంచావురా అని వాడి తల నిమిరారు. నేను పక్కనే ఉన్నాను. మా చెల్లెలే చెదలు తెస్తాదయ్యా అని వాడు అంటాడని నోరు తెరుచుకుని చూశాను. ఆ ఒక్క మాట కోసం ఎంత ఆశపడ్డానో! వాడు మెలికలు తిరుగుతూ, "అవునయ్యగారూ, పిల్లప్పట్నించి నేనే సాకినా" అన్నాడు. అయ్యగారు నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఉట్టిలోంచి బెల్లం ముక్క దొంగిలించాను. చెంబు నీళ్లలో కరిగించి చెదల కుండ మీద, లోపల, చుట్టూ పోశాను. నా లెక్క నాకుంది. చీమలు వస్తాయి, చెదలు పోతాయి, పిట్ట ఆకలికి అన్న వెంట నడవదు, వాడు వచ్చి నన్ను బతిమాలుకుంటాడు. అంతవరకే అనుకున్నాను. బతిమాలేటప్పుడు వాడి ముఖం ఎట్లా ఉంటుందో అనుకుంటూ హాయిగా నిద్రపోయాను కూడా.

తెల్లవారి కడుపునొప్పి అని ముసుగు తన్నాను. కుండ ఎత్తడానికి అన్నే పోయాడు. ముందు చేటలో దులపాలని, చీమలు ఏరాలని వాడికేం తెలుసు, ఎప్పుడన్నా చేస్తేగా! మసక వెలుతురులో కుండలోని పేడంతా నేరుగా పిట్ట బుట్టలోకి గుమ్మరించి మూత పెట్టేశాడు. కొంచెం సేపటికి పిట్ట అరిచిన అరుపు నేను ముసుగులోంచి విన్నాను. అది కూత కాదు. మూత తీసి చూస్తే బుట్ట నిండా కొరికే ఎర్రచీమలు. పిట్ట కాళ్లకు, రెక్కల కిందికి, కళ్ల చుట్టూ పట్టుకుని ఉన్నాయి. అన్న చేతులు పెట్టి దాన్ని బయటికి లాగాడు, వాడి చేతులంతా దద్దుర్లు లేచాయి. తన నొప్పి సంగతే పట్టలేదు వాడికి. పిట్టను గుండెకు పెట్టుకుని తాతా తాతా అని ఏడుస్తూ పక్కింటికి పరుగెత్తాడు.

తాత ఒక్కొక్క చీమను వేళ్లతో తీసి, ఆముదం పూశాడు. పిట్ట కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. కళ్లు తెరిచే దాకా దానంతట అది తినలేదని, రోజుకు నాలుగైదు సార్లు ముక్కు తెరిచి లోపల పెట్టకపోతే బతకదని చెప్పాడు. తర్వాత మా పెరట్లోకి వచ్చి ఆ కుండ ఎత్తి చూశాడు. కొంచెం సేపు దాన్ని ముఖం దగ్గర పెట్టుకుని కింద పెట్టేశాడు. నేను పెడతాను తాతా అంటూ పిట్ట కోసం అన్న చెయ్యి చాపితే, "నువ్వు గాదబ్బీ, ఆ అమ్మి చేతికియ్యి. చెదపురుగును నలగ్గొట్టకుండా పట్టేది ఆ అమ్మికే తెలుసు" అన్నాడు. అన్న పిట్టను నా ఒళ్లో పెట్టాడు. అది వణుకుతూ ఉంది. నేను ఎన్నాళ్లుగానో కోరుకున్న పిట్ట నా ఒళ్లోకి అట్లా వచ్చింది.

కొత్త కుండ పెట్టాను, మంచినీళ్లతో. వంటింటి మూల చీకట్లో బుట్ట పెట్టుకుని, నాలుకతో చప్పుడు చేస్తూ, ఒక్కో పురుగూ దాని ముక్కులో పెట్టేదాన్ని. మొదటి రెండు రోజులు అది చస్తుందనే అనుకున్నాను. అది చస్తే చంపింది నేనే. బడికి పోలేదు, అన్నం సయించలేదు. మా అమ్మ నా శ్రద్ధ చూసి మురిసిపోయింది, ఆ మెప్పు నన్ను ఇంకా పొడిచింది. ఐదో రోజుకు ఒక కన్ను తెరిచింది. రెండోది తెరుచుకునేసరికి తెల్లటి పొర కమ్మి ఉంది. ఆ కన్ను మళ్లీ రాలేదు.

పది రోజులకు పిట్టను వీధిలోకి వదిలాం. చూద్దామని పదిమంది చేరారు. అన్న ఎప్పటిలాగే జేబులో డబ్బా వేసుకుని, టక్కు టక్కుమంటూ ముందుకు నడిచాడు. పిట్ట నిలబడిపోయింది. తల అటూ ఇటూ తిప్పి, మంచి కంటితో వెతుక్కుని, గిర్రున తిరిగి నా కాళ్ల దగ్గరికి పరుగెత్తుకుని వచ్చింది. "పిట్ట పార్టీ మార్చిందప్పా!" అని ఎవరో అంటే అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ సంతోషం అన్న ముఖం చూసేదాకే. వాడు నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ నేను వాణ్ని ఏ చూపు చూశానో, అచ్చం అదే చూపు. జొన్నచొప్ప వామి వెనక్కు పోయాడు.

తాత తన గుమ్మం ముందు నాపరాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు. "కడుపు చల్లబడిందా అమ్మీ?" అన్నాడు. నేను బిక్కచచ్చిపోయాను. "కుండ ఎత్తిన దినమే బెల్లం వాసన కొట్టింది నాకు" అన్నాడు. మరి మా నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పింటే మీ నాయన కొడతాడు, నీకు దెబ్బ గుర్తుంటాది గానీ చేసింది గుర్తుండదు అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడవనిచ్చాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఇది: "కుళ్లు పుట్టేది తప్పు గాదు అమ్మీ. కమలాపురంలో ఇంగో లాడాలాయన కాడికి ఊరోళ్లు ఎద్దుల్ని తోలుకపోతాంటే నాకూ శానా కుళ్లు పుడతాది. ఆయన కాడికే పోయి, ఏమప్పా, నీ మీద కుళ్లుగా ఉండాది అంటా. ఆయన నవ్వి టీ తాపిస్తాడు. నోటితో అనేయల్ల. నోరు మూసుకుంటే అది చేతుల్లోకి దిగుతాది."

వామి వెనక్కు పోయి అన్నకు చెప్పాను. నాకు కుళ్లు పుట్టింది, బెల్లం నీళ్లు పోసింది నేనే అన్నాను. వాడు లేచి నా వీపు మీద ఒక్కటిచ్చాడు. గట్టిగానే ఇచ్చాడు. తర్వాత, "నిన్ను నేనేం చేస్తిని మే?" అని ఏడ్చాడు. చెదలు నేను తెస్తానని అయ్యగారికి ఎందుకు చెప్పలేదని నేనూ ఏడ్చాను. "ఆయన పిట్టను గురించి అడిగె గదా, చెదలను గురించి అడిగినాడా?" అన్నాడు వాడు. కపటం లేకుండానే అన్నాడు. నిజంగానే వాడికి తోచలేదు. నేను మూడు నెలలు లోపల రగిలిపోతుంటే, పక్కనే పడుకునేవాడికి ఆ సెగ కూడా తగల్లేదు. నేను ఒక్కసారి నోరు విప్పి అడిగి ఉంటే పిట్టకు రెండు కళ్లూ ఉండేవి. మర్నాడు తెల్లవారి కుండ ఎత్తడానికి వాడూ వచ్చాడు. ముక్కు మూసుకునే వచ్చాడు గానీ, వచ్చాడు.

ఇప్పుడు అడవి పిట్టల్ని పట్టి పెంచకూడదంటున్నారు, మంచిదే. ఆ ఒంటికన్ను పిట్టను తలుచుకుంటే నాకూ అదే న్యాయమనిపిస్తుంది. నా గుణం మాత్రం మారలేదు. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఎదురింటామె పట్టుచీర కట్టినా, నాకు చెల్లెలి వరసయ్యే ఒకామెకు ఆమె కోడలు కాళ్లు పట్టినా ఈనాటికీ నాకు లోపల చుర్రుమంటుంది. వెంటనే వాళ్ల ఎదుటికి పోయి ఆ మాట అనేస్తాను. కొందరు నవ్వుతారు, కొందరు ముఖం ముడుచుకుంటారు. నా చేతులు మాత్రం ఊరికే ఉంటాయి.

మొన్న మా అన్న కడపలో మేడ కట్టుకున్నాడు. ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన అయి, అందరూ భోజనాలకు లేస్తున్నారు. గదులన్నీ తిరిగి చూసి వచ్చి, బంధువులందరి మధ్యా వాడి ముందు నిలబడి, "అన్నా, నీ ఇల్లు చూస్తే నాకు శానా కుళ్లుగా ఉండాది" అన్నాను. మా వదిన బిత్తరపోయింది. వియ్యాలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అన్న మాత్రం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, కుర్చీ ఒకటి లాగి తన పక్కన వేసి, "చెప్పినావు గదా, ఇంగ నాకు భయం లేదు. కూర్చో, అన్నం తిందాం" అన్నాడు.