లెక్క మధ్యలో దొంగ ఊపిరి

కాలి నుంచి చెప్పు జారిపోయిన సంగతి నాకు తెలియలేదు. నల్గొండ బస్టాండులో బస్సు దిగి పది అడుగులు వేశాక వెనక నుంచి ఒకామె పిలిచింది. "ఓ పిల్లా, నీ చెప్పు గీడనే ఉన్నది. ఉట్టి కాలుతోని యాడికి పోతున్నవ్?" సిగ్గుపడుతూ వెనక్కి వెళ్లి తొడుక్కున్నాను. అది ఎండాకాలం మధ్యాహ్నం. కాలుతున్న సిమెంటు నేల మీద వట్టి పాదంతో నడిచాను, వేడి తగల్లేదు. ఏదో తేడాగా ఉందని మొదట అనిపించింది అప్పుడే.

అప్పటికి నేను జీఎన్ఎం నర్సింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్‌లో ఉండేదాన్ని. మా ఊరు మర్రిగూడ మండలంలో ఉంది. మాది గొర్రెల ఇల్లు. ఆ నెలలో నాయిన మందను తోలుకుని హుజూర్‌నగర్ వైపు వెళ్లాడు. అక్కడ వరి కోతలు అయిపోతే మా మెట్ట ఊళ్ల గొర్రెలకు ఆ మడులే మేత. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. దానికి పది రోజుల ముందు నాకు విరేచనాలు పట్టుకుని, మూడు రోజులు బాధపెట్టి తగ్గాయి. రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

రెండో రోజు పాదాల్లో చీమలు పారినట్టయింది. మూడో రోజు హాస్టల్ మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు వంగిపోయాయి. స్నేహితురాలు నన్ను ఊరి బస్సు ఎక్కించింది. మర్నాడు పొద్దున స్నానాల గదిలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది.

"రక్తం తక్కువైంది నీకు. పుస్తకం ముందటేసుకుంటే తిండి యాదికుంటదా?"

ఊళ్లో సూది వేసే డాక్టరు కూడా అదే అన్నాడు. గ్లూకోజ్ సీసా ఎక్కించి, బలానికి ఒక సూది వేసి పోయాడు. సాయంత్రానికి తొడలు కూడా బరువెక్కాయి. పక్క ఊళ్లో పక్షవాతానికి పసరు పోస్తారని, పొద్దున్నే ఆటోలో తీసుకుపోతానని అమ్మ అంది.

మంచం అంచున కూర్చుని, కాళ్లు వేలాడేసి, క్లాసులో మేడం చూపించినట్టు మోకాలిచిప్ప కింద అరచేతి అంచుతో కొట్టుకున్నాను. కాలు ఎగరాలి. ఎగరలేదు. రెండో కాలూ అంతే. మనం ఆపుదామన్నా ఆగని కదలిక అది. నాకు అదే లేదు.

"అమ్మా, పసరు వద్దు. పెద్ద దవాఖానకు పోదాం."

"ఏమైందే?"

"ఏమైందో తెల్వదు. పోదాం."

నల్గొండలో డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్లు, మడమలు, మోచేతులు కొట్టి చూశాడు. "రిఫ్లెక్సెస్ లేవు. కింది నుంచి పైకి ఎక్కుతున్న వీక్‌నెస్. జీబీఎస్, అంటే గులియన్ బారీ సిండ్రోమ్ అనుకుంటున్నా. ఇక్కడ ఉంచను, హైదరాబాద్ పంపిస్తా" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఇది పక్షవాతం కాదమ్మా. కరెంటు వైరుకు తొడుగు ఉన్నట్టే నరానికీ ఒక పొర ఉంటది. విరేచనాల క్రిములతో కొట్లాడిన రోగనిరోధక శక్తి ఇప్పుడు ఆ పొర మీద పడ్డది."

"తగ్గుతదా సారూ?"

"చానామందికి తగ్గుతది. కానీ ముందు ఎంత పైకి ఎక్కుతదో చూడాలె."

ఎంత పైకి? అంబులెన్సులో పడుకుని అదే ఆలోచించాను. ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా పరుచుకుని ఒక కండరం ఉంటుంది. బడి పుస్తకంలో దాని పేరు ఉదర వితానం, ఆసుపత్రిలో డయాఫ్రం. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు నిండుతాయి, కడుపు ముందుకు వస్తుంది. అది పైకి లేస్తే గాలి బయటికి పోతుంది. దాన్ని ఆడించే నరం మెడ దగ్గర పుడుతుంది. పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చిన ప్రశ్న ఇది. వ్యాధి ఆ నరాన్ని పట్టుకుంటే నేను ఊపిరి పీల్చలేను.

హైదరాబాద్‌లో నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు, నడుములో సూది గుచ్చి నీరు తీశారు. జీబీఎస్ అని ఖాయమైంది. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఐదు రోజులు నరంలోకి ఎక్కించాలన్నారు. మా వార్డు చూసే పీజీ డాక్టరు మేడం చిన్న వయసు మనిషి, గబగబా మాట్లాడేది. "మందు పనిచేయడానికి టైం పడుతుంది శైలజా. అప్పటిదాకా ఇది ఇంకా పైకి పోవచ్చు. రోజూ నీ ఊపిరి చూస్తా. గట్టిగా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు వస్తే అంతవరకు లెక్కపెట్టు."

మొదటి రోజు ఇరవై ఆరు వచ్చింది. రెండో రోజు ఇరవై. "పదిహేను దాటి ఉండాలి. తగ్గితే ఐసీయూ" అంది మేడం.

అదే రోజు నా ఎదుటి మంచంలోని ఆమెను ఐసీయూకు మార్చారు. వార్డును ఆనుకునే ఉన్న ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె నోట్లో ట్యూబ్ కనిపించింది. కళ్లు మాత్రం కదులుతున్నాయి. సాయంత్రానికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు.

మూడో రోజు పొద్దున మేడం రాకముందే నాలో నేను లెక్కపెట్టి చూసుకున్నాను. పన్నెండు దగ్గర ఆగిపోయింది. దిండు కింద డైరీ ఉంది. పెన్ను వేళ్లలో నిలవడం లేదు. రెండు చేతులతో పట్టుకుని, వంకర అక్షరాలతో "ఈ రోజు పన్నెండు" అని రాశాను.

మేడం వచ్చి లెక్కపెట్టమంది. పది వరకు వచ్చి, ముక్కుతో చప్పుడు లేకుండా చిన్న ఊపిరి తీసుకుని, పదకొండు నుంచి అందుకున్నాను. పద్దెనిమిది దాకా లాగాను. నా గొంతు అసలే చిన్నది. ఆ సందు ఆమెకు దొరకలేదు.

"గుడ్. కొంచెమే తగ్గింది. గొంతు మరీ లోపలికి పోయినట్టుంది, ఎప్పుడూ ఇంతేనా?"

జవాబు అమ్మ చెప్పింది. "అది పుట్టినప్పటి సంది గంతే మేడం. దాని మాట దానికే ఇనవడదు."

మేడం నవ్వి కేసు షీటులో పద్దెనిమిది అని రాసుకుంది. అమ్మ వెంటనే నాయినకు ఫోన్ చేసి పిల్ల మంచిగున్నదని చెప్పింది. నేను గోడ వైపు చూస్తూ పడుకున్నాను. ఆ లెక్క డాక్టరుకు చెప్పాల్సింది, డైరీకి చెప్పాను. నర్సు కాబోతున్న పిల్ల చేయాల్సిన పనేనా అది? కానీ ఆ ట్యూబ్ తప్ప నాకు ఇంకేదీ కనిపించడం లేదు.

నాలుగో రోజు ఇంకా రౌండ్స్ మొదలుకాకముందే నాయిన వచ్చాడు. మందను చిన్నాయినకు అప్పజెప్పి, హుజూర్‌నగర్ నుంచి నేరుగా వచ్చాడు. గొంగడి వాసన నాకు ముందే తెలిసింది. మంచం కాళ్ల దగ్గర నిలబడి నా కడుపు వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఏంది గట్ల చూస్తవు? బిడ్డతోని మాట్లాడరాదు?" అంది అమ్మ.

"ఆగు జర. ఊపిరి గుంజుతే కడుపు పైకి రావాలె. దీనిది లోపటికి పోతాంది."

"గొర్రెను చూసినట్టు చూస్తున్నవేంది పిల్లను!"

"గొర్రె అయితేంది? రోగమొచ్చిన జీవాన్ని ముందుగాల డొక్కల కాడనే చూస్తం. అది నోరు తెరిచి చెప్తదా?"

ఆయన వెళ్లి సిస్టర్‌ను పిలుచుకొచ్చాడు. ఆమె నా వేలికున్న క్లిప్పు చూసింది. "ఆక్సిజన్ సాచురేషన్ తొంభై ఏడు ఉంది పెద్దాయనా. ఫికర్ చెయ్యకు."

"మిషన్ సంగతి నాకు తెల్వదు సిస్టరమ్మా. కడుపు ఎదురు కొడ్తాంది. డాక్టరమ్మను పిలువుండ్రి. ఆమె వచ్చేదాంక నేను గీడికెంచి కదల."

మేడం వచ్చింది. నా కడుపు మీద చెయ్యి వేసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "లెక్కపెట్టు శైలజా."

ఇప్పుడు కూడా దొంగిలించవచ్చు. ఎక్కడ ఆగాలో, ఎంత చిన్నగా తీసుకోవాలో నాకు తెలుసు. కానీ నాయిన చూపు నా కడుపు మీదే ఉంది. గాలి పీల్చి మొదలుపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగింది. ఆపేశాను.

"మేడం, నిన్న మధ్యలో ఊపిరి తీసుకున్నా. నిన్న పన్నెండే."

ఆమె నన్ను తిట్టలేదు. "ఏబీజీ పంపండి, ఐసీయూ బెడ్ అడగండి" అని వెనక్కి తిరిగి చెప్పింది. ఏబీజీ అంటే రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉన్నాయో చూసే పరీక్ష. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా బయటికి పోవడం లేనట్టుంది. ఆక్సిజన్ అంకె చివరిదాకా మంచిగానే కనిపిస్తుంది, అప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఇప్పుడైతే నిమ్మళంగా ట్యూబ్ వేస్తాం. సాయంత్రమైతే ఉరుకులాడాల్సి వచ్చేది."

అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన నా తల మీద చెయ్యి పెట్టి, "చెప్పినవ్ గదా, ఇగ భయపడకు" అన్నాడు.

పద్నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. రెప్ప ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. మిషన్ ఊదినప్పుడు ఛాతీ లేవడం తెలిసేది, అది నేను చేసిన పని కాదనీ తెలిసేది. తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. న్యుమోనియా అన్నారు, యాంటీబయాటిక్స్ మార్చారు. మూడు రోజులు డాక్టర్లు మంచం పక్కన గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నాయిన మాత్రం రోజూ చూడనిచ్చే టైంకు వచ్చి మంద కబుర్లు చెప్పేవాడు. "మన నల్ల చెవుల గొర్రె ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నీ లెక్కనే అరువదు, ఊకె చూస్తది." నవ్వడానికి ముఖ కండరాలు కదలలేదు. రెప్ప కొట్టాను.

ట్యూబ్ తీసిన రెండో రోజు మేడం వచ్చి మంచం పక్కన నిలబడింది. "లెక్కపెట్టు. ఈసారి దొంగతనం చేస్తే మీ నాయినను పిలుస్తా."

బొంగురు గొంతుతో పదకొండు దాకా వచ్చాను.

"చాలు. ఇది అసలైన పదకొండు."

బలం ఎక్కడ చివర పోయిందో అక్కడ ముందు తిరిగి వచ్చింది. ముఖం, చేతులు, నడుము, చివరికి కాళ్లు. ఫిజియోథెరపీలో ఒక్క బొటనవేలు కదిలించడానికే ఒక పూట పట్టిన రోజులున్నాయి. వాకర్‌తో మా గుమ్మం దాటడానికి నాలుగు నెలలు, ఏ ఆసరా లేకుండా బస్సు ఎక్కడానికి తొమ్మిది నెలలు పట్టాయి. ఒక సంవత్సరం పోయి, నాకన్నా చిన్నవాళ్లతో కలిసి చదువుతున్నాను. ఇప్పుడు మూడో సంవత్సరం, వార్డు డ్యూటీలు పడుతున్నాయి. ఎడమ పాదానికి బూటు లోపల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. పరుగెత్తలేను. కాలి వేళ్ల చివర్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి, స్నానానికి వేడి నీళ్లు పోసుకునే ముందు చేత్తో చూసుకుంటాను.

ఇది చదివేవాళ్లలో ఎవరినైనా డాక్టరు ఒక్క ఊపిరిలో లెక్కపెట్టమంటే నేను చెప్పగలిగేది ఒక్కటే. ఊపిరి ఎక్కడ ఆగిందో లెక్క అక్కడే ఆపండి. తక్కువ వచ్చిందని మనల్ని ఎవరూ తిట్టరు. ఆ అంకెను బట్టే వాళ్లు ఏం చేయాలో తేల్చుకుంటారు. నాకు తొమ్మిది వచ్చింది. నాయిన కడుపు చూశాడు, నేను తొమ్మిది అని ఒప్పుకున్నాను, అందుకే బతికి ఉన్నాను.