ఊడిపోయిన ఖర్జూరం చీటీలు

అమీర్‌పేటలో ఖర్జూరాల దుకాణం కౌంటర్ దగ్గర పదకొండేళ్లుగా నిలబడుతున్నాను. చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. సీసాల మీది చీటీలు వదిలేసి కాయలనే చూసేదాన్ని. యాభై దాటాక బస్తీలో ఆదివారం తరగతులకు వెళ్లి చదువు నేర్చుకున్నాను. తప్పులు పోయేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.

ఇంతలో దుకాణం సేఠ్ ఒక డిగ్రీ అమ్మాయిని తెచ్చాడు.

"అక్కా, రంజాన్ గిరాకీ మస్తుంటది. కౌంటర్ల చదువుకున్నోళ్లు ఉండాలె. రేపటి సంది నువ్వు లోపల ప్యాకింగ్ చూస్కో."

లోపలి గదిలో ఫ్యాను లేదు, మాట్లాడే మనిషీ ఉండదు. సరేనన్నాను. ఆ సాయంత్రం సీసాలన్నిటినీ తడిగుడ్డతో గట్టిగా తుడిచాను. చీటీలు ఊడిపోయాయి. కావాలనే చేశాను.

పొద్దున్నే పంజాగుట్ట నుంచి వచ్చిన ఒక పెద్దాయన అజ్వా అడిగాడు. నల్లటి కాయల సీసాలు రెండున్నాయి. అమ్మాయి వాటి మధ్య బిక్కమొహం వేసింది.

"ఏంటండీ ఇది, రెండూ ఒకేలా ఉన్నాయి!"

సేఠ్‌కు బిల్లులో పేర్లే తెలుసు.

"అక్కా, జర ఇటు రా!"

కళ్లు మూసుకుని మరీ అన్ని సీసాల్లో ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టాను. గుండ్రంగా ముడతలు పడ్డది అజ్వా, పొడుగ్గా ఉన్నది కల్మీ. సన్నగా గట్టిగా తగిలింది మబ్రూమ్. నొక్కితే పొడిపొడిగా విరిగింది సుక్కరీ.

పెద్దాయన వెళ్లాక అమ్మాయి అడిగింది. "అన్నీ ఖర్జూరాలే కదా ఆంటీ, ఇన్ని రకాలెందుకు?"

దుబాయ్ తోటల్లో పనిచేసి వచ్చిన ఒక గిరాకీ నాకు చెప్పిన ముచ్చటే చెప్పాను.

"గింజ నాటితే తల్లి లెక్క రాదు బిడ్డా. ఒక్కో గింజది ఒక్కో గుణం. మంచి చెట్టు దొరికితే దాని మొదట్ల పిలక తీసి నాటుతరు. గట్లనే ఒక్కో రకం నిలబడ్డది."

సేఠ్ కొత్త చీటీలు, పెన్ను తెచ్చి అమ్మాయికి ఇవ్వబోయాడు. నేనే అందుకుని 'అజ్వా' అని రాశాను.

"నీకు రాయొస్తదా అక్కా?"

"మీరెప్పుడన్న అడిగిన్రా సేఠ్?"

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఇద్దరం నిలబడుతున్నాం. నా చీటీల మీద మాత్రం టేపు అంటించాను. ఆ అమ్మాయికి కూడా తడిగుడ్డ దొరుకుతుంది కదా.