నా పేరు నన్నే చెప్పనివ్వండి

ఫిబ్రవరి, చివరి ఆదివారం. ఎండ బాగా ఉంది, గాలి లేదు. స్థలం: వినుకొండ దగ్గర మా ఊరి హైస్కూలు ఆవరణ. హాజరైనవారు: సినిమా తీసే మా మేనకోడలు, ఆమె తండ్రి, అంటే మా బావ, మా ఆవిడ, మిరపకాయల్లో తాలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళకు పెద్దగా అందరూ 'పెద్దత్త' అని పిలిచే ముసలమ్మ, నేను. ఉద్దేశం: కెమెరా ముందు నిలబడి నా పేరు నేను చెప్పడం.

నాలుగేళ్ళ కిందటి నా డైరీలో ఆ పుట ఇలా మొదలవుతుంది. పేరు చెప్పడానికి ఇంత ఏర్పాటా అని మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. పుట్టినప్పటి నుంచి నాకు నత్తి. ఆ రోజుల్లో నత్తి అంటే జబ్బూ కాదు, లోపమూ కాదు, ఊరందరి ఉమ్మడి బాధ్యత. దారిన పోయే ప్రతివాడి దగ్గరా దానికొక మందు ఉండేది. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి నా నాలుక్కి రాసేది. పక్కింటి తాత గులకరాళ్ళు బుగ్గన పెట్టుకుని పద్యాలు చదవమన్నాడు (ఒకటి మింగాను; దాని తదుపరి వివరాలు ఇక్కడ రాయదగ్గవి కావు). మా మేనత్త కొడుకు, నాకంటే నెల పెద్దవాడు, తర్వాత మా చెల్లెల్ని చేసుకున్నవాడు, అదే మా బావ, వాడి వైద్యం వేరు. మాట ఆగిపోగానే వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచేవాడు. మాట బయటికి వచ్చేది, కానీ అది నేను చెప్పాలనుకున్న మాట మాత్రం కాదు. నా వాటా వస కూడా పొరపాటున బావకే పోసి ఉంటారని నా అనుమానం. పెద్దయ్యాక వాడు మైకుసెట్ల వ్యాపారం పెట్టాడు గానీ, ఆ గొంతుకు మైకు ఎందుకో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. నాకు 'ఇంజను' అని పేరు పెట్టింది కూడా వాడే. పొలాల్లో ఆయిల్ ఇంజన్లు ఉండేవి కదా, హ్యాండిల్ పట్టి ఎంత తిప్పినా కాసేపు డగడగమని ఆగిపోయేవి. పోలిక సరిగ్గానే ఉందని నేను కూడా ఒప్పుకున్నాను.

అసలు సంగతి స్కూలు వార్షికోత్సవం నాడు జరిగింది. మా వైపు నాటకం లేకుండా ఏ ఉత్సవమూ ముగిసేది కాదు. తెర లేచే ముందు పాత్రధారులందరూ ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి తమ పేరు, వేస్తున్న వేషం చెప్పుకోవాలి. నాకు ద్వారపాలకుడి వేషం. నాటకం మొత్తంలో ఒక్క మాట కూడా లేదు, అందుకే ఆ వేషం నాకిచ్చారు. మొదట పేరు చెప్పాలన్న సంగతి మాస్టార్లకు గానీ నాకు గానీ తట్టలేదు. నా పేరు 'ప'తో మొదలు. ఇంటిపేరు కూడా 'ప'తోనే. పెదాలు కలిశాయి, విడివడలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో, "ఇంజను పట్టుకోలేదురోయ్, హ్యాండిల్ తిప్పండి!" అని అరిచారు. ఇక చూసుకోండి, పందిరి కూలిపోతుందేమో అన్నట్టు నవ్వారు. అప్పుడు రాజు వేషంలో ఉన్న మా బావ సగం ఊడిన మీసంతో పరుగెత్తుకొచ్చి, మైకు లాక్కుని, నా పేరు, ఇంటిపేరు, మా నాన్న పేరు, నా తరగతి, చివరికి నా వేషం కూడా ఒక్క గుక్కలో చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి నడుస్తుంటే మా నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఇకనుంచి ఎవరన్నా అడిగితే నేను చెబుతాలేరా. నువ్వు ఇబ్బంది పడమాక" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. పత్తి మిల్లులో గుమాస్తా ఉద్యోగానికి వెళితే షావుకారు నన్ను అడిగాడు, నాన్న చెప్పాడు. పెళ్ళిచూపుల్లో మామగారు నన్ను అడిగారు, నాన్న చెప్పాడు (పెళ్ళికూతురు ఆయన వంక అనుమానంగా చూసిందని తర్వాత తెలిసింది). నాన్న తర్వాత ఆ పని మా ఆవిడ తీసుకుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, రేషన్ షాపులో, ఎక్కడ ఎవరు పేరు అడిగినా నేను పెదాలు కలిపేలోపు ఆమె చెప్పేసేది. ఆనాడు ఊరు నవ్విన నవ్వు నేను నెల తిరక్కుండానే మర్చిపోయాను. నన్ను బాధపెట్టింది అది కాదు. ఆ రోజు తర్వాత నా పేరు నా నోటినుంచి వినడానికి ఎవరూ ఆగలేదు. పేరు నాది, వాడకం వాళ్ళది. నోటితో చెప్పలేనివి రాసుకుందామనే డైరీ మొదలుపెట్టాను, అది వేరే కథ.

మా మేనకోడలు గుంటూరులో కాలేజీలో పాఠాలు చెబుతుంది. సెలవుల్లో ఫోనుతో చిన్న సినిమాలు తీస్తుంది. ఆ సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు వచ్చి, "మావయ్యా, నీ జీవితంలో నిన్ను బాగా బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పు, పది నిమిషాల సినిమా తీస్తాను" అంది. మా ఆవిడ నా వంక, నేను ఆమె వంక చూసుకున్నాం. తర్వాత గదిలోకి వెళ్ళి ఈ వార్షికోత్సవం సంగతంతా కాగితం మీద రాసి ఇచ్చాను. పిల్ల చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఎవరైనా మంచి నటుణ్ని పెట్టి తీద్దాం మావయ్యా. నువ్వు పక్కన కూర్చుని చూడు."

"న... నటుడెందుకు? నేనే ని... నిలబడతా" అన్నాను.

బావ అక్కడే ఉన్నాడు. తొడ మీద చరుచుకుని, "నిలబడరా, నిలబడు! నువ్వు ఊరికే పెదాలు కదుపు చాలు, గొంతు నేను ఇస్తా. డబ్బింగ్! ఎంతెంత పెద్ద హీరోలకే చెబుతారు, నీకు చెబితే తప్పేంటి?" అన్నాడు. వాడు నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు. ఆనాడు స్టేజి మీదా అంతే.

"వద్దు బావా. నా పే... పేరు నేనే చెబుతా. ఎంతసేపు పట్టినా సరే" అన్నాను. ఆ మాట చెప్పడానికే చాలాసేపు పట్టింది. మేనకోడలు తలూపింది. బావ మాత్రం, "సినిమా పది నిమిషాలేగా అమ్మాయ్, చూసుకో మరి" అన్నాడు.

అలా ఆ ఆదివారం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూలుకు వెళ్ళాను. కోతల కాలంలో మా ఊళ్ళో కాలు పెట్టే జాగా దొరకదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మిరపకాయలు ఆరబోస్తారు. సెలవురోజు కాబట్టి స్కూలు ఆవరణంతా ఎర్రగా పరిచి ఉంది. పాత స్టేజి దాకా నడవడానికి సన్నటి కాలిబాట మాత్రం వదిలారు. మేనకోడలు ఆ రంగు చూసి మురిసిపోయింది. ఆమె మురిపెం తొలి తుమ్ము దాకానే. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళనే ప్రేక్షకులుగా కూర్చోమని బతిమాలింది. "ఆయన పేరు చెప్పలేక ఆగిపోతాడు, అప్పుడు మీరందరూ గట్టిగా నవ్వాలి" అని చెప్పింది.

పెద్దత్త నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. "అంత పెద్దాయన్ని చూసి ఎట్టా నవ్వమంటావమ్మా? మాకేం పనీ పాటా లేదా?"

"ఉత్తుత్తినే అత్తా, సినిమాకి."

"ఉత్తుత్తిదైనా నవ్వం. కావాలంటే మీ నాన్నని చూసి నవ్వుతాం."

బావ అప్పటికే కిరీటం పెట్టుకుని నిలబడి ఉన్నాడు (రాజు వేషం వేస్తానని పట్టుబట్టి నరసరావుపేట నుంచి అద్దెకు తెచ్చుకున్నాడు), కాబట్టి ఆ నవ్వుకు ఎవరూ కష్టపడనక్కర్లేకపోయింది.

మొదటిసారి తీశారు. నేను మైకు ముందు నిలబడ్డాను. "నా పేరు ప..." పెదాలు బిగుసుకున్నాయి. అంతే, పక్కనుంచి నా పేరు ఇంటిపేరుతో సహా ఉరుములా వినిపించింది. "కట్! నాన్నా!" అంది మేనకోడలు. "నేనన్లేదే!" అన్నాడు బావ. ఆ తర్వాత, "అలవాటే అమ్మాయ్, దానంతటదే వచ్చింది" అన్నాడు.

రెండోసారి బావని గేటు దాకా పంపేశారు. ఈసారి నా పేరు మెల్లగా, ముద్దుగా వినిపించింది. చూస్తే మా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. మూడోసారికి నా పేరు ఏమిటో ఆడవాళ్ళందరికీ వచ్చేసింది. నేను 'ప' దగ్గర ఆగగానే, "చెప్పు బాబాయ్, చెప్పు, భయపడమాక!" అని పెద్దత్త మొదలుపెట్టింది, తక్కిన వాళ్ళు ఏకంగా నా పేరు బడిపిల్లల్లా పాడి వినిపించారు. ఆ తర్వాత ఒకసారి అందరూ నోళ్ళు మూసుకున్నారు గానీ మిరప ఘాటు మూసుకోలేదు. సరిగ్గా మాట బయటపడబోయే క్షణంలో బావ తుమ్మాడు. వాడి తుమ్ము మీకు తెలియదు. పొరుగూళ్ళో పిల్లలు ఉలిక్కిపడతారు.

పొద్దు ఎక్కింది. నా చొక్కా తడిసిపోయింది. మేనకోడలు దగ్గరికొచ్చి, "పోనీ మావయ్యా, ఇవాళ్టికి చాలిద్దామా? నాన్న గొంతు పెట్టి..." అని నసిగింది. నేను స్టేజి దిగలేదు. ఆ రోజు దిగితే మళ్ళీ ఎక్కనని నాకు తెలుసు.

"నా పేరు నాకు తె... తెలుసు" అన్నాను, అందరి వంకా చూస్తూ. "మర్చిపోలేదు. కాస్త ఆ... ఆలస్యంగా వస్తుంది. మీరు చెబితే నేను చెప్పినట్టు కాదు."

అప్పుడు మా ఆవిడ మంచినీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళి చెంబు ముంచింది. "అన్నయ్యగారూ, ఇటు రండి" అని బావను పిలిచింది. "ఈ నీళ్ళు నోట్లో పోసుకోండి. మింగొద్దు. ఆయన చెప్పేదాకా అట్లాగే ఉంచుకోండి."

"అదేంటమ్మా చెల్లెమ్మా, చిన్నపిల్లాణ్నా నేను?"

"నేనూ పోసుకుంటాను" అంది ఆమె. "నాది మీకంటే ముదిరిన అలవాటు."

ఆమె గుక్కెడు నోట్లో పోసుకుని బుగ్గలు పూరించి నిలబడింది. బావ కిరీటం సర్దుకుని తనూ పోసుకున్నాడు. పెద్దత్త చూసి, "ఇదేదో బాగుందే" అంటూ చెంబు అందుకుంది. అలా చెంబు ఆడవాళ్ళందరి దగ్గరికీ తిరిగింది. మేనకోడలికి కూడా ఒక గుక్క ఇచ్చారు. ఎర్రటి మిరపకాయల మధ్య ఇంతమంది బుగ్గలు పూరించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నా వంకే చూస్తున్నారు.

"నా పేరు ప..." అన్నాను. పెదాలు బిగుసుకున్నాయి. ఎప్పటిలాగే మెడ నరాలు లాగాయి. ఎప్పటిలాగే ఎవరో ఒకరు వస్తారని నా ఒళ్ళు ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. జీవితంలో మొదటిసారి ఎవరూ నాకు సాయం చెయ్యలేదు. ఎక్కడో కాకి అరిచింది. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోట్లో నీళ్ళు మాత్రం ఒక్క చుక్క కదల్లేదు. వాళ్ళకు తొందర లేదని నాకు అర్థమైంది. మెల్లగా పెదాలు వదిలాయి. "ప... ప..." అని పేరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇంటిపేరు దగ్గర మళ్ళీ ఆగింది. ఆగనిచ్చాను. అదీ వచ్చింది. (పేరు ఏమిటని అడగకండి. రాయడం నాకెప్పుడూ కష్టం కాలేదు, రాస్తే గొప్పేముంది?)

చివరి అక్షరం నా నోట్లోంచి పడిందో లేదో, బావ నోట్లో నీళ్ళన్నీ ఫౌంటెన్‌లా ఎగిరి మిరపకాయల మీద పడ్డాయి. "చెప్పాడ్రా! చెప్పాడ్రా మా బామ్మర్ది!" అని వాడు ఎగురుతున్నాడు. "కాయ తడిపావు కదయ్యా రాజుగారూ, బూజు పడితే ఎవడు కొంటాడు?" అని పెద్దత్త జల్లెడ తీసుకుని వెంటపడింది. రాజు కిరీటం చేతపట్టుకుని గేటు దాకా పరుగెత్తాడు. ఈసారి ప్రేక్షకులు మనస్ఫూర్తిగా నవ్వారు, నాతో సహా.

మేనకోడలు నీళ్ళు ఊసి, గొంతు సవరించుకుని, "ఇంకొక్కసారి తీద్దామా మావయ్యా? కొంచెం సాఫీగా వస్తుందేమో" అంది.

"వ... వద్దు. నా పేరు ఇట్లాగే ఉంటుంది" అన్నాను. అట్లాగే ఉంచింది. నవ్వాల్సిన ప్రేక్షకుల స్థానంలో బుగ్గలు పూరించిన ఆడవాళ్ళున్నారు సినిమాలో. గుంటూరులో చూసినవాళ్ళు కొందరు అదేదో లోతైన అర్థమని చర్చించుకున్నారట.

మర్నాడు పొద్దున్నే, నేను కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. గ్యాస్ ఏజెన్సీ నుంచి ఎవరో అమ్మాయి. మా ఆవిడ తీసి విన్నది. "కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందా? ఆయన ఉన్నారు, ఆయనే చెబుతారు" అని ఫోన్ నా చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది కూడా. నేను లేచి నిలబడ్డాను. ఎదురుగా బీరువా అద్దంలో, తెల్లజుట్టుతో, పెదాలు బిగించి, పరీక్షకు వచ్చినవాడిలా ఫోన్ పట్టుకుని నిలబడ్డ ముసలాడు కనిపిస్తే నాకే నవ్వొచ్చింది.

"హలో? హలో సార్? వినిపిస్తోందా? సిగ్నల్ లేదనుకుంటా సార్, మళ్ళీ చేస్తాను" అంది ఆ అమ్మాయి.

"సి... సిగ్నల్ బాగానే ఉందమ్మా" అన్నాను. "పేరు వస్తోంది, ఉండు."

"సరే సార్, ఉంటాను, చెప్పండి" అంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, కూర్చుని, తాపీగా మొదలుపెట్టాను.